అతుకు దగ్గర పొంచి ఉండే నీరు

వాన వెలిశాక ఒకసారి మీ ఇంటి చుట్టూ తిరిగి రండి. గోడల మీద చెమ్మ మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో జాగ్రత్తగా చూడండి. గోడ నట్టనడుమ మచ్చ కనబడటం తక్కువ. కిటికీ మీది సన్‌షేడు గోడలో కలిసే చోట, వసారా కప్పు ఇంటి గోడకు ఆనే చోట, బాల్కనీ గుమ్మం కింద, డాబా పిట్టగోడ మొదట్లో ఎక్కువగా కనబడతాయి. ఈ చోట్లన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవన్నీ రెండు భాగాలు కలిసే చోట్లు. అంటే అతుకులు.

వాన గోడంతటి మీదా పడింది కదా! మరి నీరు ప్రత్యేకంగా అతుకునే ఎందుకు పట్టుకుంది? ఈ సంగతి తెలుసుకోవడానికి ఒక అతుకును ఎంచుకుని పరీక్షిద్దాం. అది మన ఊళ్లోది కాదు. అమెరికాలో ఇళ్ల వెనుక కనబడే చెక్క అరుగుకూ, ఆ ఇంటి గోడకూ మధ్య ఉండే అతుకు. అక్కడ నీటి సంగతి బాగా అర్థమయితే మన ఇంటి సన్‌షేడు సంగతి కూడా అర్థమవుతుంది.

గోడకు తగిలించిన అరుగు

మీ బంధువులు ఎవరైనా అమెరికాలో ఉంటే, వాళ్లు పంపిన ఫోటోల్లో ఈ అరుగును మీరు చూసే ఉంటారు. ఇంటి వెనుక తలుపు తీయగానే చెక్క పలకలు పరచిన వేదిక, దాని చుట్టూ కటకటాలు, మీద నాలుగు కుర్చీలు. దీన్ని అక్కడ 'డెక్' అంటారు. మన అరుగును నేల నుంచి మట్టితోనో రాతితోనో కట్టుకుంటూ వస్తాం. డెక్ అలా కాదు. అది నేలకు ఎత్తుగా నిలబడి ఉంటుంది. బయటి అంచు కింద స్తంభాలుంటాయి. లోపలి అంచును మాత్రం చాలా ఇళ్లలో ఇంటి గోడకే తగిలిస్తారు.

ఎలా తగిలిస్తారో చూడండి. మందపాటి పొడుగు పలకను గోడకు అడ్డంగా ఆనించి బోల్టులతో బిగిస్తారు. ఈ పలకను 'లెడ్జర్' అంటారు. అరుగును మోసే దూలాల కొసలు ఈ లెడ్జరుకు తగిలి ఉంటాయి. ఇంత పలకకు ఎంత బరువు వస్తుందో లెక్క వేద్దామా? డెక్ మీద చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు పడవచ్చునని లెక్కించి కట్టడం అక్కడి నియమం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న అరుగు వైశాల్యం 12 చదరపు మీటర్లు. అంటే 2,400 కిలోలు. అందులో సగం బయటి స్తంభాలు మోస్తే, మిగిలిన సగం, అంటే 1,200 కిలోలు, లెడ్జరు మీదా దాన్ని పట్టిన బోల్టుల మీదా పడుతుంది. అందుకే అక్కడి నిబంధనలు లెడ్జరును ఉత్త మేకులతో కొట్టి వదిలేయడానికి ఒప్పుకోవు. మేకు మెల్లగా బయటికి జారి రాగలదు. బోల్టు అలా రాదు.

ఇక గోడ సంగతి. మన ఇటుక గోడకూ, అక్కడి గోడకూ చాలా తేడా ఉంది. అమెరికాలో ఎక్కువ ఇళ్ల గోడలు చెక్కవే. నిలువుగా కర్రలు నిలబెడతారు. వాటికి బయటివైపు పలచని చెక్క రేకులు కొడతారు. వాటి మీద నీరు ఇంకని కాగితం వంటి పొర చుడతారు. ఆ పొర మీద బయటికి కనబడే పలకల తొడుగు వేస్తారు. ఆ తొడుగు మన చొక్కా అయితే, లోపలి పొర వానకోటు అన్నమాట. తొడుగు సందుల్లోంచి కొంత నీరు ఎలాగూ లోపలికి వస్తుందని వాళ్లకు తెలుసు. ఆ వచ్చిన నీరు వానకోటు మీదుగా కిందికి జారిపోవాలన్నది ఏర్పాటు.

ఇప్పుడు లెడ్జరును బిగించడానికి ఏం చేయాలి? తొడుగును కోసి తీయాలి. వానకోటుకు బోల్టుల కోసం వరసగా చిల్లులు పెట్టాలి. ఆ చిల్లుల ముందు ఒక చెక్క పలకను అడ్డంగా నిలబెట్టాలి. పైనుంచి జారివచ్చే నీటికి ఆ పలక పై అంచు చిన్న గట్టులా అడ్డుపడుతుంది. గట్టు దగ్గర నీరు నిలుస్తుంది. పొలం గట్టు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

నీటికి నాలుగు దారులు

నీరు పల్లానికే పోతుందని మనం అనుకుంటాం. అది సగం నిజమే. అతుకు దగ్గర నీరు నాలుగు రకాలుగా కదులుతుంది.

మొదటిది గురుత్వాకర్షణ. దీని వల్ల నీరు కిందికి జారుతుంది. ఇది అందరికీ తెలిసిందే.

రెండోది అంటుకోవడం. స్టీలు గ్లాసులో నీళ్లు నింపి చాలా నెమ్మదిగా వంచండి. నీరు సూటిగా కింద పడక, గ్లాసు బయటి వైపు అంటుకుని వెనక్కి పారుతుంది. ఇప్పుడు గ్లాసు అంచుకు కాస్త నెయ్యి రాసి మళ్లీ వంచండి. ఈసారి నీరు అంచును సులభంగా వదులుతుంది. నీటి అణువులకు తమలో తమకు ఆకర్షణ ఉంది. లోహంతో, చెక్కతో, ఇటుకతో కూడా ఆకర్షణ ఉంది. అందుకే పలక అంచుకు వచ్చిన నీటి బొట్టు కింద పడకుండా, పలక అడుగు భాగాన్ని పట్టుకుని వేలాడుతూ గోడదాకా నడిచిపోగలదు.

మూడోది కేశనాళికత్వం. దీన్ని చూడటానికి చిన్న అద్దం ముక్కలు రెండు తీసుకోండి. (అంచులు కోసుకోకుండా పెద్దవారిని దగ్గర ఉండమనండి.) రెండింటినీ ఒకదానికొకటి ఆనించి, ఒక పక్క నిలువు అంచుల మధ్య అగ్గిపుల్ల పెట్టి, రబ్బరు బ్యాండు వేయండి. ఇప్పుడు ఒక పక్క సందు లేదు, రెండో పక్క అగ్గిపుల్లంత సందు ఉంది. పళ్లెంలో రంగునీళ్లు పోసి అద్దాలను అందులో నిలబెట్టండి. నీరు అద్దాల మధ్య పైకి ఎక్కుతుంది. సందు వెడల్పుగా ఉన్న చోట కొంచెం, సన్నగా ఉన్న చోట చాలా ఎత్తుకు! నీటి అంచు అందమైన వంపుగా కనబడుతుంది.

సందు ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తు ఎక్కుతుందన్నమాట. సన్నని గాజు గొట్టాలలో ఈ సూత్రాన్ని జేమ్స్ జురిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1718లో వివరించాడు. శుభ్రమైన రెండు అద్దాల మధ్య 1 మి.మీ. సందు ఉంటే నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కుతుంది. సందు 0.1 మి.మీ. అయితే సుమారు 15 సెం.మీ. ఎక్కుతుంది. చెక్క అద్దమంత నున్నగా, శుభ్రంగా ఉండదు కాబట్టి అక్కడ ఈ లెక్క అచ్చంగా కుదరకపోవచ్చు. కాని దారి అదే. గోడకు గట్టిగా బిగించిన లెడ్జరు వెనుక సందు వెంట్రుక మందమే ఉంటుంది. 'ఇంత గట్టిగా బిగించాం, ఇక నీరేం పోతుంది?' అని మనం అనుకుంటాం. నీరు మాత్రం అలాంటి సందు కోసమే చూస్తూ ఉంటుంది!

నాలుగోది గాలి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి గోడను తాకినప్పుడు కలిగే పీడనం రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు నీటిని దాదాపు నిలబెట్టగలదు. తుఫాను గాలి తోస్తే నీరు అతుకులోపల పైకి కూడా ఎక్కుతుంది.

వీటికి తోడు చినుకుల చిందు. మామూలు గోడ మీద పైనుంచి వచ్చిన వానే పడుతుంది. అరుగు ఉన్న చోట, అరుగు మీద పడిన ప్రతి చినుకూ చిట్లి గోడ అడుగు భాగాన్ని మళ్లీ తడుపుతుంది. మన ఇళ్లలో వాకిలి పక్క గోడ కింది భాగం ఎర్రమట్టి చుక్కలతో నిండి ఉండటం చూశారు కదా. ఆ చుక్కలే చిందు ఎంత ఎత్తు ఎగురుతుందో చెప్పే కొలబద్ద.

తడవడం ఒక పూట, ఆరడం ఒక ఏడు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. వాన అంతటా పడుతుంది. కాని ఎండ అంతటా పడదు. గాలి అంతటా ఆడదు. బయట ఉన్న గోడ తడిస్తే మర్నాటికి ఆరిపోతుంది. లెడ్జరు వెనుక చేరిన నీటికి ఎండా గాలీ అందవు. అది ఆరకముందే మరో వాన వస్తుంది. తడి మీద తడి. అతుకు తడవడంలో గోడకన్నా ముందుంటుంది, ఆరడంలో గోడకన్నా వెనకబడుతుంది. మచ్చలన్నీ అక్కడే చేరడానికి కారణం ఇదే.

తడి చెక్కకు ఏమవుతుంది? ఉత్త నీరు చెక్కను తినదు. చెక్కను తినేవి శిలీంధ్రాలు. అంటే పుట్టగొడుగుల జాతికి చెందిన జీవులు. వాటి సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అవి పెరగడానికి నాలుగు కావాలి: ఆహారం, గాలి, తగినంత వెచ్చదనం, నీరు. ఆహారం చెక్కే. గాలినీ వెచ్చదనాన్నీ మనం ఆపలేం. ఆపగలిగింది ఒక్క నీటినే. నూరు కిలోల పొడి చెక్కలో 20 కిలోలకు లోపుగా నీరు ఉంటే అది కుళ్లదు. నీరు 30 కిలోలకు చేరి అలాగే నిలిస్తే శిలీంధ్రాలకు పండుగ.

వీటిలో ఒక రకం చెక్కలోని సెల్యులోజును తినేసి గోధుమరంగు లిగ్నిన్‌ను వదిలేస్తుంది. అప్పుడు చెక్క చిన్నచిన్న ఘనాలుగా పగులుతుంది. చేత్తో నలిపితే పొడి అవుతుంది. ఆరిపోయాక అలా పొడిపొడిగా కనబడుతుంది కాబట్టి దీనికి ఇంగ్లీషులో 'పొడి కుళ్లు' అనే అర్థం వచ్చే పేరు వచ్చింది. పేరు చూసి మోసపోకండి. నీరు లేనిదే ఆ కుళ్లు లేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ కుళ్లులో చెక్క బరువు కొంచెమే తగ్గినప్పటికే దాని బలం చాలావరకు పోతుంది. పైకి చూస్తే పలక పలకలాగే ఉంటుంది. లోపల బలం ఉండదు.

ఆరుగురిని బలిగొన్న బాల్కనీ

ఇది ఉత్త చెక్క నష్టంతో పోయే సంగతి కాదు. 2015 జూన్ 16న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బెర్క్‌లీ అనే పట్టణంలో ఒక అపార్టుమెంటు బాల్కనీ విరిగిపడింది. అప్పుడు అక్కడ ఒక పుట్టినరోజు విందు జరుగుతోంది. బాల్కనీ మీద పదముగ్గురు ఉన్నారు. ఆరుగురు చనిపోయారు. ఏడుగురు గాయపడ్డారు. చనిపోయిన వారిలో ఐదుగురు వేసవి సెలవుల్లో పని చేసుకోవడానికి ఐర్లండు నుంచి వచ్చిన విద్యార్థులు.

ఆ భవనం పాతది కాదు. 2007లో పూర్తయింది. అంటే ఎనిమిదేళ్ల వయసు. అది లెడ్జరు మీద నిలిచిన డెక్ కాదు. చెక్క దూలాలు గోడలోంచి బయటికి పొడుచుకువచ్చి మోస్తున్న బాల్కనీ. కాని అపాయం వచ్చిన చోటు మాత్రం మనం చెప్పుకుంటున్నదే. పరిశీలించినవారు గోడ దగ్గర ఆ దూలాలు బాగా కుళ్లిపోయి ఉన్నాయని కనుగొన్నారు. మూసిపెట్టిన చెక్కలో నీరు చేరింది, ఆరే దారి లేకపోయింది. పైకి పూత, కింద కప్పు ఉండటంతో లోపలి కుళ్లు ఎవరి కంటా పడలేదు.

ఈ ఘటన తరువాత 2018లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. మూడు లేక అంతకు మించి కాపురాలు ఉండే అద్దె భవనాలలో చెక్క ఆధారం మీద నిలిచిన ఇలాంటి బాల్కనీలను, అరుగులను ఆరేళ్లకొకసారి నిపుణులు పరీక్షించాలి. కనబడని చోటును పనిగట్టుకుని చూడాలన్నది దాని సారాంశం.

తాటాకు చెప్పే పాఠం

మరి నీటిని ఎలా ఎదుర్కోవాలి? తాటాకు కప్పు నేసేవారిని ఎప్పుడైనా గమనించారా? వాళ్లు పని చూరు దగ్గర మొదలుపెడతారు. కింది వరస వేసి, దాని మీదికి వచ్చేటట్టు రెండో వరస వేస్తారు. అలా వరస మీద వరసగా నడికొప్పుదాకా పోతారు. పెంకులూ అంతే. పై పెంకు అంచు కింది పెంకు మీదికి వస్తుంది. కప్పులో వేలకొద్దీ సందులున్నా ఇంట్లోకి చుక్క రాదు. ఎందుకంటే నీరు ఏ ఆకు మీద జారినా దాని కింది ఆకు మీదనే పడుతుంది. నీటికి ఎక్కడా అడ్డు చెప్పలేదు. దారి మాత్రం చూపారు.

ఒక్క వరసను తిరగేసి, పై ఆకు కొసను కింది ఆకు అడుగున దూర్చారనుకోండి. అవే ఆకులు, అదే ఖర్చు, అదే పనితనం. అయినా తొలివానకే ఇల్లు కారుతుంది.

డెక్ దగ్గర చేసే పని కూడా ఇదే. లెడ్జరు మీద 'ఫ్లాషింగ్' అనే పలచని రేకును ఇంగ్లీషు జెడ్ అక్షరంలా వంచి అమరుస్తారు. దాని పై అంచు గోడ వెంట పైకి పోతుంది. నడిమి భాగం లెడ్జరు తల మీద బయటికి వాలుగా కూర్చుంటుంది. కింది అంచు లెడ్జరు ముందుకు వంగి, చివర కాస్త బయటికి తిరిగి ఉంటుంది. ఆ తిరిగిన కొస దగ్గర నీటి బొట్టు వెనక్కి నడవలేక కింద పడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పై అంచు. గోడకు చుట్టిన వానకోటు పొర ఆ రేకు మీదికి రావాలి. అప్పుడు పొర మీదుగా జారిన నీరు రేకు మీద పడి బయటికి పోతుంది. తొందరలో రేకును పొర మీదనే కొట్టేస్తే? పొర మీద జారిన నీరు నేరుగా రేకు వెనక్కి పోతుంది. అంటే రక్షణ కోసం పెట్టిన రేకే నీటిని లోపలికి పంపే గరాటు అవుతుంది. బయటినుంచి చూస్తే రెండు పనులూ ఒకేలా కనబడతాయి! తేడా ఐదారేళ్ల తరువాత బయటపడవచ్చు. చెక్క గోడకు అరుగు తగిలించేటప్పుడు ఫ్లాషింగ్ తప్పనిసరి అని అక్కడి గృహనిర్మాణ నియమాలు చెబుతున్నాయి.

ఇంకొక ఉపాయం కూడా ఉంది. లెడ్జరును గోడకు అతికించినట్టు బిగించకుండా, బోల్టుల దగ్గర వాషర్లు వేసి 12 మి.మీ. వరకు ఎడం వదులుతారు. అంత సందులో నీరు మిల్లీమీటరుకు కాస్త పైన ఎక్కగలదు, అంతే. మీరు అద్దాలతో చేసిన ప్రయోగం గుర్తు తెచ్చుకోండి! పైగా ఆ ఎడంలో గాలి ఆడుతుంది, తడిసింది ఆరిపోతుంది. చూశారా, సందును పూర్తిగా మూయలేనప్పుడు దాన్ని వెడల్పు చేయడమే మేలు.

కొందరు ఇంకా ముందుకు పోయి, గోడ పక్కన కూడా స్తంభాలు వేసి డెక్‌ను దానంతట అదే నిలబడేటట్టు కడతారు. అప్పుడు గోడకు బోల్టూ లేదు, చిల్లూ లేదు. అతుకు లేని చోట అతుకు బాధ ఏముంటుంది?

లప్పంతో సరిపెట్టవచ్చా?

'ఇంత శ్రమ ఎందుకు? సందుకు రబ్బరు లప్పం దట్టంగా పూస్తే పోదా?' అని మీరు అడగవచ్చు. కొంతకాలం పోతుంది. కాని చెక్క తడిసినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. రేకు ఎండకు సాగుతుంది, చలికి కుదించుకుంటుంది. రెంటికీ మధ్య ఉన్న లప్పం ఏటేటా ఈ లాగుడుకు లోనై ఒకనాటికి అంచు వదులుతుంది. వెంట్రుకంత చీలిక వస్తుంది. వెంట్రుకంత చీలికలో నీరేం చేస్తుందో ఇప్పుడు మీకు తెలుసు.

అంతేకాదు. నీరు బయటికి రావలసిన కింది అంచుకు కూడా లప్పం పూసేవారుంటారు. దాంతో లోపలికి వచ్చిన నీటికి బయటి దారి మూసుకుపోతుంది. లప్పం తోడుగా ఉండవచ్చు. పని చేయవలసింది మాత్రం ఒకదాని మీదొకటి వచ్చే పొరలే.

రేకు ఎంపికలో కూడా కొంత రసాయనశాస్త్రం ఉంది. డెక్‌కు వాడే చెక్కకు శిలీంధ్రాలు పట్టకుండా మందు ఎక్కిస్తారు. 2003 దాకా అమెరికాలో ఇళ్లకు వాడే చెక్కలో ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కువగా ఉండేది. ఆర్సెనిక్ విషం కనుక ఆ ఏడాది చివరికి ఇళ్ల చెక్కకు దాన్ని ఎక్కించడం చాలావరకు మానేశారు. దాని బదులు వచ్చిన మందుల్లో రాగి పాలు ఎక్కువ. రాగీ, అల్యూమినియమూ, వాటి మధ్య తడి ఉంటే ఏమవుతుంది? లోహాల క్రియాశీలత శ్రేణిలో అల్యూమినియం రాగికన్నా పైన ఉంటుంది. అందువల్ల అల్యూమినియం తినుకుపోతుంది. అంటే అక్కడ చిన్న విద్యుత్ ఘటం తయారవుతుందన్నమాట. మామూలు ఇనుప మేకులకూ ఇదే గతి. అందుకే అలాంటి చెక్క దగ్గర అల్యూమినియం రేకు పెట్టరు. జింకు పూత దట్టంగా ఉన్న ఇనుము గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని, రాగి గాని వాడతారు.

మన సన్‌షేడు మాటేమిటి?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన ఇళ్లకు చెక్క డెక్ లేకపోయినా, గోడలోంచి బయటికి వచ్చే సన్‌షేడు ఉంది, బాల్కనీ ఉంది. ఇవి కాంక్రీటువి. శిలీంధ్రాలు కాంక్రీటును తినవు. కాని లోపల ఇనుప చువ్వలున్నాయి. వాటికి నీరూ గాలీ తగిలితే తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. చోటు చాలక కాంక్రీటును లోపలినుంచి పగలదీస్తుంది. పెచ్చులూడటం అంటే ఇదే. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది.

సన్‌షేడు ఎక్కడ పగులుతుందో తెలుసుకోవాలంటే మీ పెన్సిల్ రబ్బరు తీసుకోండి. దాని పై ముఖం మీద అడ్డంగా బ్లేడుతో చిన్న గాటు పెట్టండి. రబ్బరును బల్ల అంచున, గాటు సరిగ్గా అంచు దగ్గరకు వచ్చేటట్టు పట్టుకుని, బయటి కొసను కిందికి నొక్కండి. గాటు నోరు తెరుస్తుంది. గాటును అడుగు ముఖానికి తిప్పి నొక్కితే మూసుకుంటుంది. బయటికి పొడుచుకువచ్చిన ఏ పలకకైనా లాగుడు పై ముఖం మీద, గోడ మొదట్లోనే ఎక్కువ. అందుకే ఇంజనీర్లు సన్‌షేడులో ముఖ్యమైన చువ్వలను పైభాగంలో పెడతారు. పగుళ్లు రావడానికి వీలైన చోటూ అదే. సన్‌షేడు వాలు గోడ వైపు ఉంటే వాన నీరు నిలిచే చోటూ అదే. ముఖ్యమైన చువ్వ, పగులు, నీరు — మూడూ ఒక్కచోటే కలుస్తాయి. ఎండిన ఆకులూ మట్టీ పేరుకుని ఆ చోటును తడి ఆరనివ్వకపోతే చెప్పేదేముంది?

నివారణ కూడా తాటాకు చెప్పిన పాఠమే. సన్‌షేడు పై ముఖం బయటికి వాలుగా ఉండాలి. గోడ మొదట్లో మూలను సిమెంటుతో గుండ్రంగా తీర్చాలి. గోడ పూత కిందికి వచ్చి ఆ మూల మీద కూర్చోవాలి. అడుగు ముఖంలో, అంచుకు కాస్త లోపలగా, పొడవునా ఒక గాడి ఉండాలి. అడుగును పట్టుకుని గోడ వైపు నడిచే నీటి బొట్టు ఆ గాడిని దాటలేదు. దాటాలంటే పైకి ఎక్కి మళ్లీ దిగాలి. అంతలో బరువెక్కి రాలిపోతుంది. ఈసారి వాన పడుతుండగా సన్‌షేడు అడుగున చూడండి. గాడి ఉన్నదానికి బయటి అంచు మాత్రమే తడిసి ఉంటుంది. గాడి లేనిదానికి తడి గోడదాకా పాకుతుంది.

పెచ్చులూడి చువ్వలు కనబడుతున్న సన్‌షేడు కింద నిలబడకండి. దాని మీదికి అసలే ఎక్కకండి. గాలిపటం చిక్కుకున్నా, బంతి పడినా సరే! ఇంట్లో పెద్దవారికి చెప్పి మేస్త్రీకి చూపించమనండి. పైన సున్నం వేస్తే మచ్చ పోతుంది కాని చువ్వకు పట్టిన తుప్పు పోదు.

చేసి చూడండి

1. పాత నోటు పుస్తకం అట్టలను వేలెడు వెడల్పు ముక్కలుగా కోసి కొవ్వొత్తి మైనం రుద్దండి. ఒక చెక్క మీద అద్దుడు కాగితం పరచి, దాని మీద ముక్కలను కిందినుంచి పైకి, పై ముక్క కింది ముక్క మీదికి వచ్చేటట్టు గుండుసూదులతో గుచ్చండి. చెక్కను ఏటవాలుగా నిలబెట్టి పైనుంచి గ్లాసెడు నీళ్లు మెల్లగా పోయండి. తరువాత అట్టలు తీసి అద్దుడు కాగితం చూడండి. కొత్త కాగితం వేసి, ఈసారి ఒక్క ముక్కను తిరగేసి గుచ్చి మళ్లీ పోయండి. ఎంత తేడా వచ్చింది?

2. మీ ఇంటికో బడికో ఉన్న సన్‌షేడులన్నిటినీ నేల మీద నిలబడి చూసి ఒక పట్టిక రాయండి: వాలు ఎటు ఉంది, గాడి ఉందా, మచ్చ ఉందా, పగులు ఉందా. వాన వెలిసిన రోజు ఒకసారి, మూడు రోజుల తరువాత ఒకసారి చూడండి. ముందుగా ఆరినదేది? ఇంకా ఆరనిదేది? ఆరనిదాని దగ్గరే ముందుగా పెద్దవారిని నిలబెట్టి చూపించండి.

ఆలోచించండి

డెక్ పలకల మధ్య కావాలనే కొద్దిగా ఎడం వదులుతారు. ఎందుకు?

బాల్కనీ నేల గది నేలకన్నా కాస్త పల్లంగా ఉంటుంది. రెండూ ఒకే మట్టంలో ఉంటే ఏమవుతుంది?

వర్షంలో గొడుగు పట్టుకున్నా మీ భుజం తడుస్తుంది. ఇందులో నీటికి ఉన్న నాలుగు దారులలో ఏవేవి పనిచేస్తున్నాయి?